ఒకరో ఇద్దరో వాడే టెల్నెట్ కనెక్టర్‌ని ఉంచాలా, పీకేయాలా?

గుణుపురం_కాటా:
మాది రాయగడ జిల్లా గుణుపురం. ఎలక్ట్రానిక్ కాటాల నుంచి బరువు చదివే చిన్న పైథాన్ లైబ్రరీ ఒకటి నడుపుతున్నాను. మా పత్తి వ్యాపారి ఒకాయన చీటీలు చేత్తో రాసుకుంటుంటే చూడలేక మొదలెట్టింది. యూఎస్‌బీ, సీరియల్ కనెక్టర్లతో గొడవ లేదు. నెట్‌వర్క్ మీదుగా కాటాని చదివే టెల్నెట్ కనెక్టర్ మాత్రం ఎవరో పంపిన ప్యాచ్. అది మాట్లాడే కన్వర్టర్ డబ్బాని (కాటా సీరియల్ తీగని నెట్‌వర్క్‌కి కలిపేది) నేను కంటితో చూడలేదు. పైథాన్ 3.13లో ఆ కనెక్టర్ వాడే టెల్నెట్‌లిబ్ మాడ్యూల్ ఎగిరిపోయాక టెస్టులన్నీ ఎర్రగా వస్తున్నాయి. ఎందరు వాడుతున్నారో డౌన్‌లోడ్ల లెక్క చూద్దామంటే అది మొత్తం ప్యాకేజీకి, పైగా కోడ్‌ని వాటంతటవే పరీక్షించే సీఐ మెషీన్లు దింపుకునేవీ అందులోనే. ఏం చెయ్యమంటారు?

బరంపురం_బైట్:
పీకేయండి. 3.11లో హెచ్చరించి, 3.13లో 19 మాడ్యూళ్లు తీసేశారు పైథాన్ వాళ్లే. వాళ్లకి లేని మొహమాటం మీకెందుకు?

జయపురం_మాస్టారు:
ఎందరు వాడుతున్నారని కాదు బాబూ, ఎవరు సరిచూడగలరని అడుగు. డబ్బా లేకుండా నువ్వు రాసే టెస్టు నీ ఊహనే పరీక్షిస్తుంది. బరువు తప్పు చూపిస్తే రైతు డబ్బు పోతుంది, అది ఎర్రర్ వచ్చి ఆగిపోవడం కంటే ఘోరం. పనుల్ని వరసగా నడిపే ఎయిర్‌ఫ్లో సాఫ్ట్‌వేర్ వాళ్లు 2020లో 2.0తో కనెక్టర్లని వేరే ప్యాకేజీలు చేశారు. నువ్వూ చెయ్యొచ్చు, కానీ దానికీ ఓ మనిషి కావాలి కదా. ముందు ఇది చూడు: డబ్బా రా టీసీపీ మోడ్‌లో (బైట్లని ఉన్నవున్నట్టు పంపే పద్ధతి) ఉంటే, సీరియల్ పోర్టులు చదివే పైసీరియల్ లైబ్రరీకి సాకెట్ అడ్రస్ ఇచ్చి నీ సీరియల్ కనెక్టర్‌తోనే చదవొచ్చు, టెల్నెట్ కోడే అక్కర్లేదు. 255 బైటుతో మొదలయ్యే టెల్నెట్ బేరాలు (రెండు వైపులా సెట్టింగులు కుదుర్చుకునే బైట్లు) మధ్యలో దూరితే మాత్రం కుదరదు.

రాజురా_జిన్నింగ్:
అన్నా, ఆ ఒక్కడ్ని నేనే! చంద్రపూర్ జిల్లా. మా మిల్లు ధర్మకాటా దాని మీదనే నడుస్తది, కాటా గేటు కాడ, కంప్యూటర్ ఆఫీసుల. మేం ఇంకా 3.12 మీదనే ఉన్నం, అందుకే నీకు కంప్లైంట్ రాలే.

గుణుపురం_కాటా:
అయితే అన్నా, డబ్బా సెట్టింగుల్లో రా టీసీపీ ఉందేమో చూస్తారా? ఉంటే వచ్చే రిలీజ్‌లో హెచ్చరిక పెట్టి, ఆ పైదాంట్లో తీసేస్తా. లేకపోతే వేరే ప్యాకేజీ చేస్తా, టెస్టింగ్ మీరు చూసుకోవాలి.

రాజురా_జిన్నింగ్:
ఆదివారం మిల్లు బంద్. అప్పుడు లారీ ఎక్కించి రెండు మోడ్లల్ల చదివి లాగ్ పెడ్త. ఖాళీ కాటా రీడింగ్ గూడ కావాల్నా?