సీవీ జాయింటు బూటు చిరిగింది: ఇంట్లోనే కడిగి కొత్త గ్రీజు నింపుకోవచ్చా?

ప్రశ్న: శ్రీకాకుళం పాఠకుడు

అందరికీ నమస్కారం. మాది ముందు చక్రాల డ్రైవుతో నడిచే పదకొండేళ్ల చిన్న పెట్రోలు కారు. ఇప్పటికి 92,000 కిలోమీటర్లు తిరిగింది. మొన్న ఆదివారం టైరు విప్పినప్పుడు ఎడమ చక్రం లోపలి అంచు మీదా, పక్కనున్న సస్పెన్షన్ ఆర్మ్ మీదా నల్లటి గ్రీజు చిమ్మినట్లు కనిపించింది. వెతికితే యాక్సిలు కడ్డీకి చక్రం వైపు చివర, చక్రం ఎటు తిరిగినా ఇంజను శక్తిని చేరవేసే సీవీ జాయింటుకు తొడిగిన రబ్బరు బూటు (గ్రీజును నిలిపే మడతల తొడుగు) ఒక మడత దగ్గర రెండంగుళాల మేర చీలి ఉంది. స్టీరింగు పూర్తిగా తిప్పి నెమ్మదిగా నడిపి చూశాను, టకటక శబ్దమేదీ రావడం లేదు. అయినా షెడ్డులో యాక్సిలు మొత్తం మార్చమంటున్నారు. నెలకు రెండు మూడుసార్లు కళింగపట్నం సముద్రం ఒడ్డు దాకా వెళ్లి వస్తుంటాను కాబట్టి లోపలికి ఇసుక చేరిందేమోనని నా దిగులు. ఇంట్లో జాకీ, సాకెట్ల సెట్టు, చక్రాల బేరింగులకు వాడే గ్రీజు డబ్బా ఉన్నాయి. ఈ గ్రీజు సరిపోతుందా? పని నేనే చేసుకోవచ్చా?

జవాబు: విజయనగరం నుంచి

శబ్దం రాకముందే చూసుకున్నారు కనుక ఈ పని చేయదగినదే. టకటకలాడుతున్న జాయింటుకు ఎంత గ్రీజు నింపినా అరిగిన లోహం తిరిగి రాదు. మీ జాయింటు ఇంకా ఆ దశకు చేరి ఉండకపోవచ్చు, కానీ విప్పి కడిగి చూసేంతవరకు ఏదీ తేల్చుకోకండి.

ఆ డబ్బాలోని గ్రీజు మాత్రం వద్దు. చక్రం వైపు జాయింటులో సాధారణంగా ఆరు ఉక్కు గోళీలు వంపు గాళ్లలో దొర్లుతూ, కొంత జారుతూ, ఇంజను శక్తినంతా చాలా చిన్న తావుల మీద మోస్తాయి. అంత ఒత్తిడికి మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిసిన నల్లటి సీవీ గ్రీజే తగినది. కొత్త బూటు కిట్టులో గ్రీజు సంచీ, రెండు క్లిప్పులు, చాలాసార్లు కొత్త సర్‌క్లిప్పు (జాయింటు కడ్డీ మీంచి జారకుండా పట్టే రింగు) కూడా వస్తాయి. చిన్న కార్ల కిట్లలో గ్రీజు దాదాపు 80 నుంచి 120 గ్రాములు ఉంటుంది. అంతకు మించి కూరితే బూటు ఉబ్బి క్లిప్పు దగ్గర కారుతుంది. పాత గ్రీజు ఆనవాలు కూడా మిగలకూడదు, ఎందుకంటే వేర్వేరు రకాల గ్రీజులు కలిస్తే పలుచబడిపోయే ప్రమాదం ఉంది.

చక్రం నేల మీద ఉండగానే, బ్రేకు పట్టి ఉంచి, యాక్సిలు నట్టును వదులు చేయండి. చాలా బండ్లలో ఆ నట్టు అంచును గాడిలోకి నొక్కి ఉంచుతారు. ముందు ఆ అంచును లేపాలి, తిరిగి బిగించేటప్పుడు కొత్త నట్టే వేయాలి. షాఫ్టు (యాక్సిలు కడ్డీ) బయటికి వచ్చాక బూటు కోసి తీసేసి, జాయింటు లోపలి రేసు (గోళీలు దొర్లే గాళ్లున్న లోపలి భాగం) మీద ఇత్తడి కడ్డీ ఆన్చి సుత్తితో గట్టిగా ఒక్క దెబ్బ కొడితే చాలా రకాలు ఊడి వస్తాయి. ఊడని రకమైతే గేరుబాక్సు వైపు జాయింటు విప్పి, కొత్త బూటును అటునుంచి ఎక్కించాలి. కేజినీ (గోళీలను వాటి చోట పట్టి ఉంచే కిటికీల వలయం) లోపలి రేసునీ పెయింటుతో గుర్తు పెట్టుకుని, కేజిని ఒక వైపు వంచుతూ గోళీలు ఒక్కొక్కటే తీయండి. ఏ గోళీ ఏ గాడిలోదో ఆ వరసలోనే ఒక పళ్లెంలో పెట్టుకోండి. డీజిల్‌తోగానీ కిరసనాయిలుతోగానీ కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, పగటి వెలుగులో గాళ్లను చూడండి. గోరు తగిలితే ఆగేంత గుంటలు గానీ, కేజి కిటికీల మూలల్లో పగుళ్లు గానీ, వేడికి నీలం తిరిగిన మచ్చలు గానీ కనిపిస్తే ఆ జాయింటును వాడకండి. కడిగే ద్రవం కొత్త బూటుకు అంటనివ్వకండి, రబ్బరు పాడవుతుంది.

గ్రీజును ముందు గోళీల గాళ్లలోకి వేలితో బాగా కూరి, మిగిలినది బూటులో పెట్టండి. చిన్న క్లిప్పు బిగించే ముందు బూటు అంచు కింద మొద్దు స్క్రూడ్రైవరు ఒకసారి దూర్చి లోపలి గాలి వదలండి.

జవాబు: రాజాం నుంచి

పైన చెప్పినదానికి రెండు జాగ్రత్తలు చేర్చాలనిపించింది. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి వెళ్లకండి. గట్టి సిమెంటు నేల మీద స్టాండు వేసి, వెనుక చక్రాలకు రాళ్లు అడ్డు పెట్టండి. వాన తడి మట్టి మీద జాకీ దిగబడుతుంది, ఇటుకలు పగిలిపోతాయి. షాఫ్టును పూర్తిగా బయటికి లాగేటట్లయితే ముందు గేరు ఆయిలు దించుకుని, ఆయిలు సీలు అంచు గీచుకుపోకుండా నేరుగా లాగాలి. షాఫ్టు లేకుండా బండి బరువును ఆ చక్రం మీద ఆనించకండి, దొర్లించకండి. హబ్బు (చక్రం బిగించే భాగం) బేరింగు దెబ్బతింటుంది.

యాక్సిలు నట్టును మాన్యువల్‌లో మీ బండికి చెప్పిన టార్కుకే (బిగింపు బలానికే) బిగించాలి. చాలా కార్లలో అది 150 న్యూటన్ మీటర్లు దాటే ఉంటుంది కాబట్టి పానా చేతి అంచనాతో కుదరదు. టార్కు రెంచి ఒక్కరోజుకు ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి.

జవాబు: బొబ్బిలి నుంచి

షాఫ్టు విప్పకుండానే చుట్టి అతికించుకునేలా నిలువునా చీల్చి అమ్మే కొత్త బూటు వేస్తే పని తొందరగా అవుతుంది కదా?

జవాబు: విజయనగరం నుంచి

అవుతుందండీ, కానీ లోపలి ఇసుక అలాగే ఉండిపోతుంది. చిరుగులోంచి సిరంజితో గ్రీజు ఎక్కించే పద్ధతిలోనూ ఇదే లోపం. గ్రీజు నిపుల్ (గ్రీజు ఎక్కించే మొన) ఉన్న ప్రొపెల్లర్ షాఫ్టు (వెనుక చక్రాలకు శక్తినిచ్చే పొడవాటి కడ్డీ) క్రాసులకు గ్రీజు గన్నుతో కొడితే పాత గ్రీజు బయటికి వచ్చేస్తుంది. సీవీ జాయింటు మూసి ఉండేది కనుక అక్కడ కొత్త గ్రీజు పాత ఇసుకతో కలిసిపోతుంది.

ప్రశ్న అడిగినవారు, ఆదివారం తరువాత

మీరు చెప్పినట్లే విప్పాను. కడిగిన డీజిల్ అడుగున సన్నని ఇసుక కనిపించింది. ఐదు గాళ్లు అద్దంలా ఉన్నాయి. ఆరోదానిలో మాత్రం గోరు ఆగేంత గుంట ఒకటి ఉంది. పాత జాయింటును మళ్లీ అమర్చే ధైర్యం నాకు చాలలేదు. చక్రం వైపు జాయింటు ఒక్కటి కొత్తది తెప్పించి, కొత్త బూటుతో, సీవీ గ్రీజుతో ఎక్కించాను. గేరుబాక్సు వైపు జాయింటు బూటు చెక్కుచెదరకుండా ఉన్నందున దాన్ని ముట్టుకోలేదు.