మాయాబజార్‌కీ, శివకీ ఒకే కొలబద్దా?

నేలటికెట్టు:
సెలవుల్లో వరసబెట్టి ఐదు సినిమాలు చూశాను. ఐదుకి నా మార్కులు: మాయాబజార్ (1957) 4.5, గుండమ్మ కథ (1962) 3, అహ నా పెళ్ళంట (1987) 3.5, శివ (1989) 4.5, కేరాఫ్ కంచరపాలెం (2018) 4. గుండమ్మకి మూడేంటని మా నాన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఏ కాలం సినిమా అయినా చూసేది ఇవాళ్టి నేను కదా. "ఆ రోజుల్లో అంతేరా" అంటే గ్రేస్ మార్కులు కలపను.

పాతరీలు:
గ్రేస్ మార్కులు ఎవరడిగారు తమ్ముడూ? మాయాబజార్‌లో పాండవులు ఒక్కసారి కూడా తెరమీదకి రారు. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, మా అబ్బాయి చెప్పేదాకా నాకా సంగతే తట్టలేదు. కె.వి. రెడ్డి, పింగళి ఆ కథ అల్లిన తీరుకి ఏ మినహాయింపూ అక్కర్లేదు. కానీ ఎస్వీ రంగారావు నోట్లోకి లడ్డూలు వాటంతటవే వెళ్లడం ఇప్పటి పిల్లలకి మామూలు విషయం. కంప్యూటర్ లేని రోజుల్లో మార్కస్ బార్ట్‌లీ కెమెరాతో చేసిన పనికి, ఆ రోజుల్ని పక్కనపెట్టి మార్కులెలా వేస్తారు?

రెండోఆట:
కష్టం చూసి మార్కులేస్తే ప్రతి సినిమాకీ ఐదే వేయాలి అన్నా. శివ వచ్చినప్పుడు స్టెడీకామ్ (మనిషి నడుస్తూ తీసినా బొమ్మ కుదపకుండా కెమెరాని పట్టే సాధనం) మనకి వింత. ఇప్పుడు పెళ్లి వీడియోవాళ్ల చేతుల్లో కూడా అలాంటిదే ఉంటోంది. అయినా సైకిల్ చైన్ తెంపే సీను వస్తే నేను ఫోన్ పక్కన పెట్టేస్తా. వింత పోయాక కూడా పట్టుకునేది ఏముందో దానికే మార్కు.

గోంగూరపచ్చడి:
గుండమ్మకి 3 కూడా ఎక్కువే. పొగరుబోతు పిల్లని మొగుడు పేదవాడిలా నాటకమాడి, కూలిపని చేయించి దారికి తెస్తే మనం చప్పట్లు కొట్టాలట. మహిళాలోకం నిద్ర లేచిందని ఎన్టీఆర్ రుబ్బురోలు దగ్గర పాడేది కూడా ఈ సినిమాలోనే! (సూర్యకాంతం తెరమీద ఉన్నంతసేపూ రిమోట్ ముట్టుకోను, అది వేరే విషయం.) మరి అహ నా పెళ్ళంటకి అర మార్కు ఎక్కువెందుకు? పిసినారి కోట శ్రీనివాసరావు కింద అరగుండు బ్రహ్మానందం పడే అవస్థకి పడీపడీ నవ్వుతాం కదా, అది తప్పు కాదా?

నేలటికెట్టు:
కాదండీ. వేలాడే కోడిని చూస్తూ ఉత్తన్నం తినే ఆ మనిషిని జంధ్యాల సినిమా కూడా వెక్కిరిస్తుంది. గుండమ్మ కథ మాత్రం మొగుడి పక్షమే. పాత్ర చేసే తప్పు వేరు, సినిమా దాన్ని వెనకేసుకురావడం వేరు. ఇందులో కాలం ప్రసక్తి లేదు.

జ్ఞానాపురం:
నాది ఇంకో గొడవ. 1957లో వచ్చిన మిగతా సినిమాలు మనలో ఎంతమంది చూశారు? కాలం జల్లెడ పట్టగా మిగిలినవాటిని తెచ్చి, శుక్రవారం వచ్చే ప్రతిదాని పక్కనా నిలబెడుతున్నాం. ఇక కంచరపాలెం అంటారా, అందులో చాలామంది ఆ ఊరి జనమే, కెమెరాకి కొత్త. వాళ్ల తడబాటే ఆ సినిమాకి అందం. సావిత్రిని కొలిచిన టేపుతో వాళ్లని కొలిస్తే ఎలా?

రెండోఆట:
ఇది ఒప్పుకుంటా. కాలం కన్నా, సినిమా ఏం చేయబోయిందన్నదే ముఖ్యం.

పాతరీలు:
తమ్ముడూ, ఒక్కటి అడగడం మరిచాను. నువ్వు చూసిన మాయాబజార్ ఏది? 2010లో రంగులేసి వదిలిందా?

నేలటికెట్టు:
అవును, రంగులదే. బాగుంది కదా?

పాతరీలు:
బాగుందో లేదో తర్వాత. బార్ట్‌లీ 'లాహిరి లాహిరి' పాటలో ఆ వెన్నెలని నలుపు తెలుపుల్లో వెలిగించాడు. దానిమీద యాభై ఏళ్ల తర్వాత వేరేవాళ్లు రంగు పూశారు, నిడివి కూడా తగ్గించారు. ఇంతకీ నీ 4.5 ఎవరికి వేసినట్టు?

నేలటికెట్టు:
దొరికిపోయాను. సరే, ఆ 4.5 తీసేస్తున్నా. ఆదివారం నలుపు తెలుపుది చూసి మళ్లీ వేస్తా. గుండమ్మ 3 మాత్రం మారదు. మా నాన్న ఇక్కడ మెంబర్ కాదనే ధైర్యం.