ఓపెన్ హెర్నియాలో నరాలను కాపాడేదెట్లా?

తిరుపతి సర్జరీ పీజీ: అన్నా, లిక్టెన్‌స్టైన్‌లో (గజ్జల హెర్నియాకి మెష్, అంటే జాలీ, పెట్టి కుట్టే ఓపెన్ ఆపరేషన్) ఇలియోఇంగ్వినల్ నరం ఎక్కువగా ఎక్కడ తెగుతుంది?

సీనియర్, చిత్తూరు: ఎక్స్‌టర్నల్ ఆబ్లిక్ (పొట్ట గోడ బయటి పొర) తెరిచేటప్పుడే తమ్ముడూ. చిన్న గాటు పెట్టి, కత్తెర మొన పైకెత్తి, పోగుల వెంట సూపర్‌ఫిషియల్ రింగ్ (ఆ పొరలో ఉండే సహజమైన రంధ్రం) దాకా పో. నరం కార్డ్ (వృషణానికి వెళ్లే నాళాల కట్ట) మీదే, ముందువైపు ఉంటుంది. దాన్ని ఒలిచి పెట్టకు. పైపొర పోతే మెష్‌కి అతుక్కుంటుంది, తర్వాత మంటలే.

ఇంకొకరు: ఇలియోహైపోగాస్ట్రిక్ నరాన్ని అందరూ మరుస్తారు. మెష్ పై అంచు కుట్టేటప్పుడు సూది ఇంటర్నల్ ఆబ్లిక్ (దాని లోపలి పొర) కండలోకి దిగితే, లోపల దాగి నడిచే నరం కుట్టులో పడుతుంది. అపోన్యూరోసిస్‌లోనే (కండ చివరి తెల్లటి గట్టి పొర), వదులుగా వేయి. జెనిటల్ బ్రాంచ్‌కి (జెనిటోఫెమొరల్ నరం శాఖ) గుర్తు కార్డ్ వెనక నీలంగా కనిపించే క్రిమాస్టరిక్ సిర.

ల్యాప్ (చిన్న రంధ్రాల గుండా, కెమెరాతో) చేసేవాడు: మా లెక్క వేరు. వాస్‌కీ (వీర్యనాళం) గొనాడల్ (వృషణ) నాళాలకీ మధ్య ఎక్స్‌టర్నల్ ఇలియాక్ నాళాలు (కాలికి వెళ్లే పెద్ద రక్తనాళాలు). బయటివైపు, ఇలియోప్యూబిక్ ట్రాక్ట్ (గజ్జల లోపలి గట్టి పట్టీ) కింద నరాలు. రెండుచోట్లా ట్యాకర్ (మెష్‌ని బిగించే పిన్నులు కొట్టే పరికరం) వద్దు. కూపర్స్ లిగమెంట్ (జఘనాస్థి మీది గట్టి పట్టీ) మీద కొట్టేముందు కరోనా మోర్టిస్ (ఆ ఎముక మీదుగా పోయే, తెగితే బాగా రక్తం కారే నాళం) ఉందేమో చూడు.