దుర్లాభమా, దుర్లభమా? (1 పేతురు 5:2)

కొండవీటివాగు:
సంఘ పెద్దల నియామకంలో చదివే బైబిలు వాక్యం ఒకటి నోట్లో ఆడుతోంది, ఒక్క అక్షరం దగ్గర ఆగిపోతోంది. "దుర్లభాపేక్షతో కాక సిద్ధమనస్సుతోను…" ల మీద దీర్ఘం ఉందా? లేకపోతే "దొరకనిదాని మీద ఆశ" అని అర్థం వస్తుంది. మంద కాసేవాడికి ఆ హెచ్చరిక దేనికి?

పాతఅచ్చు:
దీర్ఘం ఉంది. "దుర్లాభాపేక్షతో కాక." తీతు 1:7లోనూ దుర్లాభమే. దుర్లభం రోజూ వాడే మాట కాబట్టి చదివేవారి నాలుక అటు జారుతుంది.

రేఫ:
వ్యాకరణం కూడా దీర్ఘం వైపే. లభ్ (పొందు) ధాతువుకు ఖల్ అనే ప్రత్యయం చేరితే దుర్లభం, కష్టపడితే గాని దొరకనిది. ఘఞ్ అనే ప్రత్యయం చేరితే లాభం, దాని ముందు దుర్ వస్తే చెడ్డ లాభం. ఉపలంభంలో లాగా మధ్యలో నుమాగమం (అనునాసికం చేరడం) ఎందుకు రాలేదంటారేమో, పాణిని సూత్రమే ఉంది, "న సుదుర్భ్యాం కేవలాభ్యామ్" (7.1.68), అంటే సు, దుర్ మాత్రమే ముందుంటే అది రాదు. అనువాదకులు అవసరం కొద్దీ అతికించిన మాట కాదిది.

పాతఅచ్చు:
మూలానికి ముక్కకు ముక్క సరిపోయింది కూడా. గ్రీకులో ఐస్ఖ్రోస్ అంటే సిగ్గుచేటైనది, కెర్దోస్ అంటే లాభం. అదే వచనంలోని "పైవిచారణ" చూడండి, ఎపి అంటే పై, స్కొపెయో అంటే చూడటం. ఎంత చక్కటి తెలుగు!

గోదారిగట్టు:
దీర్ఘం సంగతి తేలింది, అసలు చిక్కు "దుర్" దగ్గర. డబ్బు మీద ప్రేమకు 1 తిమోతి 3:3లో "ధనాపేక్ష" అని వేరే మాట ఉంది. కాబట్టి దుర్లాభం అంటే పదవిని అడ్డం పెట్టుకుని పొందేది. దొంగతనమే కానక్కరలేదని నా వాదన. పౌలు యెరూషలేముకు చందా చేరవేసేటప్పుడు సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి వెంటపెట్టుకున్నది అందుకే. "మనుష్యుల దృష్టియందును" యోగ్యంగా ఉండాలన్నాడు (2 కొరింథీ 8:21). కానుకల పెట్టె తాళం, లెక్క పుస్తకం, చెక్కు మీద సంతకం ఈ మూడూ ఒక్కరి దగ్గరే ఉండకూడదు. ఆరాధన అవగానే, ఒకే ఇంటివాళ్లు కాని ఇద్దరు అక్కడే కూర్చుని, ఏ నోటు ఎన్నో విడివిడిగా రాసి సంతకాలు చేయాలి. వచ్చింది వచ్చినట్టు బ్యాంకులో కట్టాలి, ఖర్చులు ఆ తర్వాత. పెట్రోలుకని పెట్టెలోంచే ఐదొందలు తీశారనుకోండి, లెక్క చీటీకీ జమ రశీదుకీ పొంతన పోతుంది. అప్పుడు నిజాయితీపరుడు కూడా తన నిజాయితీని చూపించుకోలేడు.

అరసున్న:
పద్ధతి బాగుంది గోదారిగట్టు గారూ, అర్థం మాత్రం అంత దూరం లాగలేం. తీతు 1:11లో దుర్లాభం కోసం ఉపదేశింపకూడనివి ఉపదేశించేవాళ్లున్నారు. అంటే మాట అమ్ముకోవడం. "పనివాడు తన జీతమునకు పాత్రుడు" అని 1 తిమోతి 5:18 అంటోంది కాబట్టి పుచ్చుకోవడమే తప్పని కాదు. దీనికి పోతనను మించిన భాష్యకారుడు లేడు. "ఇమ్మనుజేశ్వరాధముల కిచ్చి పురంబులు వాహనంబులున్ సొమ్ములుఁ గొన్ని పుచ్చుకొని". రాజు మనసారా ఇచ్చేదే, అయినా ఆయన దృష్టిలో దాని ఫలం కాలుడి (యముడి) సమ్మెట వ్రేటులు.

రేఫ:
"సమ్మెట పోటులం బడక" కదండీ?

అరసున్న:
రెండూ వినిపిస్తాయి. ఉత్పలమాలకు రెండూ సరిపోతాయి. వ్రే ముందున్న ట గురువవుతుందన్న భయం వద్దు, అది వేరే పదం, పైగా తెలుగు మాటలో రేఫ (ర ఒత్తు) తేలిక, ముందక్షరాన్ని గురువు చేయదు.

కొండవీటివాగు:
సమ్మెట కొడుతుంది గాని పొడవదు. వ్రేటే సరి.

రేఫ:
పోటు అంటే పొడవడమొక్కటే కాదు. గుండెపోటులో ఎవరు పొడిచారు? ఆటుపోట్లలో ఎవరు పొడిచారు?

పాతఅచ్చు:
పోతన దగ్గరికొస్తే ఎవరికీ కదలబుద్ధి కాదు. "సమ్మతి శ్రీహరి కిచ్చి"లో ఆ సమ్మతి చూడండి, ఎవరి బలవంతమూ లేదు. పేతురు "బలిమిచేత కాక" అన్నది అదే.

గోదారిగట్టు:
అయితే ఒకటి చెప్పండి. దుర్లాభాపేక్షకు ఎదురుగా "నిస్స్వార్థముగా" అనొచ్చు కదా, "సిద్ధమనస్సుతో" అని ఎందుకుంది? గ్రీకు ప్రోథూమోస్‌లో ఉబలాటం ఉంది, అడగకముందే లేచి నిలబడే తత్వం ఉంది. మన "సిద్ధ"లో ఆ ఉబలాటం వినిపిస్తోందా, లేక పిలిస్తే వస్తాననే వరకేనా?