రోటరీ మీటింగు వారం వారం ఉండాలా, నెలకు రెండు చాలా?

కాబోయే_ప్రెసిడెంట్:
అందరికీ నమస్కారం. మాది పశ్చిమ గోదావరిలో చిన్న టౌను క్లబ్బు. జులై 1 నుంచి ప్రెసిడెంటు బాధ్యత నాది. ఈలోగా బైలాస్ (క్లబ్బు నియమాలు) మార్పు ఒకటి ఓటుకు పెట్టాలి. ప్రతి గురువారం రాత్రి ఏడున్నరకు జరిగే మీటింగును నెలకు రెండుకు తగ్గించాలా అన్నదే ప్రశ్న. రోటరీ నియమాలు మార్చే సభ, 2016 కౌన్సిల్ ఆన్ లెజిస్లేషన్, ఆ వెసులుబాటు ఇచ్చింది, నెలకు కనీసం రెండు ఉంటే చాలు. మా దగ్గర హాజరు బాగా పడిపోయింది. డిస్ట్రిక్ట్ గవర్నరు (డీజీ) వచ్చే రోజు తప్ప హాలు నిండదు. తగ్గిస్తే క్లబ్బు మొత్తానికే చల్లబడుతుందేమోనని నా భయం. మా క్లబ్బువాళ్లు కూడా ఇక్కడ ఉన్నారు, వాళ్లూ రాయండి. లయన్స్ వాళ్ల అనుభవం కూడా కావాలి.

పాత_సెక్రటరీ:
తగ్గించొద్దండి. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు పెట్టిన మొదటి మీటింగుకు ఎవరొచ్చారు? ఒక బొగ్గు వ్యాపారి, ఒక గనుల ఇంజినీరు, బట్టలు కుట్టించి అమ్మే ఆయన ఒకరు. ఒక్కోసారి ఒక్కొక్కరి ఆఫీసులో కలిసేవాళ్లు. కలవడం ముందు, సేవ తర్వాత. ఆ వరస తిప్పేస్తే మిగిలేది వాట్సాప్ గ్రూపే.

నాది ఎరువుల షాపు. క్లబ్బులో చేరేదాకా మా ఊరి సర్జన్ గారితో నేను మాట్లాడింది రోగిగానే. గురువారం గురువారం పక్కపక్కన కూర్చుని భోంచేశాక సంగతి మారింది. మా నాన్నగారికి అర్ధరాత్రి ఆయాసం వస్తే ఆయనే కారేసుకుని ఇంటికొచ్చారు, ఫీజు మాట ఎత్తనివ్వలేదు. నెలకు రెండుసార్లు ముఖం చూసుకుంటే ఆ చనువు రాదు.

ఒకప్పుడు వరసగా నాలుగు మీటింగులు ఎగ్గొడితే సభ్యత్వం పోయేది. రాలేనివాళ్లు రెండు వారాల్లోపు పక్క ఊరి క్లబ్బు మీటింగుకు వెళ్లి, పోయిన హాజరు పూడ్చుకుని (దాన్నే మేకప్ అంటారు), ఆ కార్డు తెచ్చి సెక్రటరీ చేతిలో పెట్టేవాళ్లు. పెళ్లికని విజయవాడ వెళ్లినవాళ్లు కూడా అక్కడ ఏ క్లబ్బు ఏ రోజు కలుస్తుందో కనుక్కుని వెళ్లేవాళ్లు. ఆ అలవాటు ఉండబట్టే పల్స్ పోలియో ఆదివారాల్లో తెల్లారకముందే బూత్ దగ్గర మనుషులు నిలబడ్డారు. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో బయటపడింది. 2014 మార్చిలో పోలియో లేదన్న సర్టిఫికెట్ వచ్చింది. దాని వెనక ఎన్ని ఊళ్ల మీటింగులు ఉన్నాయో ఆలోచించండి.

మెడికల్_షాప్:
నేనూ అదే క్లబ్బు. ఏడున్నర అంటే క్లినిక్కుల నుంచి చీటీలు వచ్చే టైము. కౌంటరు వదిలి రావడమంటే బేరం వదులుకోవడమే. సరే, వదిలే వచ్చాను చాలాసార్లు. వస్తే జరిగేది ఇదీ: ఏడున్నర అన్నది ఎనిమిదింబావుకు గంట కొడతారు. ప్రార్థన, ఫోర్ వే టెస్టు (రోటరీవాళ్లు చదివే నాలుగు ప్రశ్నలు), సెక్రటరీ ప్రకటనలు, పుట్టినరోజులు, పెళ్లిరోజులు, ఒక్కొక్కరికీ గులాబీ, ఒక్కొక్కరితో ఫొటో. సార్జెంట్, అంటే మీటింగులో క్రమం చూసే సభ్యుడు, ఫైన్ డబ్బా తిప్పుతాడు. పిలిచిన అతిథి మైకు ముందుకొచ్చేసరికి తొమ్మిది. కిందటేడు ఒక కిడ్నీ డాక్టరు గారు స్లైడ్లు తయారుచేసుకుని ఎంతో దూరం నుంచి వచ్చారు. ఆయన మూడో స్లైడులో ఉండగా వెనక బల్లల దగ్గర ప్లేట్లు తీశారు. సగంలో ముగించి కూర్చున్నారు పాపం.

ఆ ఫెలోషిప్ (మీటింగు భోజనం) ప్లేటు మూడొందల యాభై. ముప్పై ప్లేట్లు వేసుకోండి, వారానికి పదివేలు దాటుతుంది. ఏడాదికి ఐదు లక్షల పైమాటే. ఐదు లక్షలకు ఎన్ని బళ్లలో బెంచీలు వస్తాయో లెక్కేయండి.

పాత_సెక్రటరీ:
ప్లేటు మూడొందల యాభై కాదు, మూడొందల ఇరవై. లెక్క చెప్పేటప్పుడు సరిగ్గా చెప్పాలి.

లయన్_గోదావరి:
మాకు సాధారణంగా నెలకు రెండే. 1925లో హెలెన్ కెల్లర్ గారు చూపులేనివాళ్ల కోసం పనిచేయమని లయన్స్‌ను అడిగారు. అప్పటి నుంచి ఆ పని ఆగలేదు. మీటింగుల సంఖ్యను బట్టి సేవ ఉండదు.

మెడికల్_షాప్:
మూడొందల ఇరవై అన్నా ఐదు లక్షలకు కాస్తే తక్కువ. సంగతి ప్లేటు రేటు కాదు సార్. ఆ డబ్బు ఆ హాలువాళ్లకే ఎందుకు వెళ్తోంది? ఇంకో రెండు చోట్ల ధర ఎప్పుడైనా అడిగారా?

పాత_సెక్రటరీ:
నేను సెక్రటరీగా ఉన్నప్పుడు అడిగాను. ఆ ధరకు ఏసీ హాలు, మైకు, భోజనం ఇచ్చినవాళ్లు ఇంకెవరూ లేరు. వాళ్ల మీద అనుమానం ఉంటే ముఖాముఖి అడగండి.

డల్లాస్_నుంచి:
ఇక్కడ నేనున్న క్లబ్బు మధ్యాహ్నం లంచ్‌లో కలుస్తుంది. సరిగ్గా గంట. ఒంటిగంటకు గంట కొట్టారంటే ఎవరు మాట్లాడుతున్నా లేచిపోతారు. వారం వారమే, అయినా హాలు నిండుతుంది. మీరు సంఖ్య కాదు, టైము మార్చి చూడండి.

పాత_సెక్రటరీ:
మన ఊళ్లో మధ్యాహ్నం ఒంటిగంటకు షాపు కట్టేసి ఎవరొస్తారు బాబూ? ఎండాకాలం అయితే అసలే రారు.

సైన్స్_టీచర్:
నేనూ అదే క్లబ్బు. టైము సంగతి వచ్చింది కాబట్టి రాస్తున్నాను. రాత్రి తొమ్మిదిన్నరకు అన్నం పెట్టే మీటింగు అది. ఆడవాళ్లు ఎందుకు రావడం లేదని ప్రతి ఏడాదీ అడుగుతారు. పది గంటలకు స్కూటీ మీద ఒక్కదాన్నే ఇంటికెళ్లాలి. 1989లోనే రోటరీ ఆడవాళ్లను సభ్యులుగా తీసుకోవచ్చంది. నేను చేరిన రోజున మాత్రం నన్ను ఆన్స్ (సభ్యుల భార్యలు) వరసలో కూర్చోమన్నారు, ఎవరి భార్యనో అనుకుని. నేనే సభ్యురాలినని చెప్పాల్సి వచ్చింది.

పాత_సెక్రటరీ:
అమ్మా, ఎప్పుడో జరిగిన పొరపాటును ఇప్పుడు తీయడం భావ్యం కాదు. టైము సాకు మాత్రమే. సంక్రాంతి తర్వాత మీరు ఒక్క మీటింగుకూ రాలేదు. హాజరు పట్టీ ఇప్పుడైనా చూపిస్తాను. రానివాళ్లు వచ్చేవాళ్ల మీటింగు తీసేయమంటే ఎలా?

మెడికల్_షాప్:
హాజరు పట్టీ తీసి నలుగురిలో చదువుతారా? ఇదేనా మీ ఫెలోషిప్?

మోడరేటర్:
హాలు పేరు, ఇద్దరు సభ్యుల పేర్లు ఉన్న మూడు రిప్లైలు తీసేశాను. విషయం మీద మాట్లాడండి.

సైన్స్_టీచర్:
పట్టీ తీశారు కాబట్టి ఎందుకు మానేశానో కూడా వినండి. మా జడ్పీ హైస్కూల్లో ఆడపిల్లల మరుగుదొడ్లకు తలుపులు లేవు. రెండు గదుల పైకప్పు కారుతుంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా కూర్చుంటారు. నెలలో ఆ నాలుగు రోజులూ బడికే రారు. డిసెంబరులో మేస్త్రీతో కొలతలు తీయించి, అంచనా కాగితం పట్టుకుని గురువారం మీటింగులో లేచి చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రెసిడెంటు గారు రాసుకోమన్నారు. తర్వాతి వారం చదివిన మినిట్స్‌లో ఆ మాటే లేదు. నెల తిరక్కుండా బస్టాండు దగ్గర చలివేంద్రం ఖాయమైంది. అక్కడ ఇప్పటికే ఒకటి ఉంది. అది ఏ మీటింగులో ఖాయమైందండీ? భోజనాలయ్యాక కార్ల దగ్గర నలుగురు నిలబడి మాట్లాడుకున్నారు, అక్కడ.

నెలకు నాలుగు పెట్టినా, రెండు పెట్టినా నాకు ఒకటే. ఫోర్ వే టెస్టులో రెండో ప్రశ్న, సంబంధించిన అందరికీ న్యాయమేనా అని. ప్రతి గురువారం నిలబడి చదువుతాం. నేను లేచి అడిగిన మాట రాసుకుంటారా, రాసుకోరా? ఆ ఒక్కటి చెప్పండి.

పాత_సెక్రటరీ:
ఆ మినిట్స్ రాసింది నేను కాదు. చలివేంద్రానికి లక్షన్నర ఇచ్చిన ఆయన బస్టాండు దగ్గరే కావాలన్నారు. డబ్బు పెట్టేవాళ్ల మాట వినకుండా పనులు ఎలా జరుగుతాయి? ఆయన్ని పొమ్మందామా? మీ బడికి లక్షన్నర ఎవరిస్తారు?

మెడికల్_షాప్:
అసలు మాట ఇప్పుడొచ్చింది. చందా అందరం ఒకటే కడుతున్నాం. నిర్ణయం మాత్రం పెద్ద చెక్కు ఇచ్చినవాళ్లది. మరి మేం గురువారం షాపు వదిలి రావాల్సింది ఫైన్ డబ్బాలో యాభై వేసి చప్పట్లు కొట్టడానికా? ఏ పని చేయాలో మీటింగులోనే తేలుస్తామనండి, కౌంటరు మా తమ్ముడికి అప్పగించి వారం వారం వస్తాను. అలా కాదంటే నెలకు ఒకటి కూడా ఎక్కువే.

పాత_సెక్రటరీ:
నన్ను డబ్బున్నవాళ్ల మనిషిని చేసేశారు. చెక్కులు ఇచ్చే స్తోమత నాకు లేదు. ఏ శిలాఫలకం మీదా నా పేరు లేదు, వెతుక్కోండి. పోలియో ఆదివారాల్లో ఐస్ బాక్సు మోశాను. కంటి శిబిరానికి వచ్చిన ముసలివాళ్లను చేయి పట్టుకుని బస్సు ఎక్కించాను. క్లబ్బుకు నేను ఇవ్వగలిగింది టైము. ఆ టైముకు విలువ ఉండేది గురువారమే, నేను పలానా అని నలుగురికీ తెలిసేది అక్కడే. నెలకు రెండు చేసి, మిగతాదంతా ఫోన్లలో తేల్చుకుంటే, ఆ ఫోన్లు ఎవరికి వస్తాయి? సర్జన్ గారికి వస్తాయి, హోటల్ ఆయనకు వస్తాయి. నాకు రావు. మీకూ రావు తమ్ముడూ. అది ఆలోచించారా?

లయన్_గోదావరి:
ఈ ఆఖరి మాట నిజం. మా దగ్గరా అదే జరిగింది. మీటింగులు రెండే కావడంతో మధ్యలో పనులన్నీ ముగ్గురు చూసుకుంటున్నారు.

కాబోయే_ప్రెసిడెంట్:
అందరివీ చదివాను. ఓటుకు ఒకటి కాదు, మూడు పెడుతున్నాను. ఒకటి, వారానికా, నెలకు రెండా. రెండు, మీటింగు సాయంత్రం ఆరుకు మొదలై ఏడుకు ముగియాలి, భోజనం నెలకు ఒకసారే, మిగతా రోజుల్లో టీ, పునుగులు. మూడు, సభ్యులు ఎవరు ఏ పని అడిగినా మినిట్స్‌లో ఎక్కాలి. పదివేలు దాటిన ఏ ప్రాజెక్టయినా మీటింగులో చదివి చేతులెత్తించాకే బోర్డుకు వెళ్లాలి, దాత ఎవరైనా సరే.

మెడికల్_షాప్:
ఆరుకయితే నేను వస్తాను. హాలు బిల్లులు కూడా ఆ రోజు బల్ల మీద పెట్టండి.

పాత_సెక్రటరీ:
మూడోదానికి చేయెత్తుతాను. మొదటిదానికి ఎత్తను. మీటింగులు తగ్గించి, అన్నీ మీటింగులో చదవాలంటే ఎప్పుడు చదువుతారు? దాత చేయి వెనక్కి తీసుకుంటే ఏం చేస్తారో కూడా ముందే రాసిపెట్టండి.

సైన్స్_టీచర్:
ఓటు ఏ గురువారం? నా అంచనా కాగితం డిసెంబరుది, ఇటుక రేటు మారింది. మేస్త్రీ చేత మళ్లీ వేయించాలి.