1943 నాటి సిపాయి ఉత్తరం: సిరా పూసిన లైన్లు చదవొచ్చా?

కపిలతీర్థం రోడ్డు, తిరుపతి: మద్రాస్ సాపర్స్ (సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే దళం) సిపాయి ఒకాయన 1943లో తిరుపతికి రాసిన తెలుగు ఉత్తరం ఇది. మూడు లైన్ల మీద నీలం సిరా పూశారు, ఒకచోట కాగితమే కోసేశారు. కవరు అంచున చీటీ అంటించి ఉంది. ఊరి పేరు లేదు, ఫీల్డ్ పోస్టాఫీసు (సైన్యం తపాలా కార్యాలయం) నంబరు మాత్రం ఉంది. ఇది ఎవరి పని? ఏదైనా మందు రాస్తే అక్షరాలు తేలతాయా?

పాత తపాలా, చిత్తూరు: మందు జోలికి పోవద్దన్నా! బ్లీచింగ్ రాస్తే, కింది రాత కూడా సిరాదైతే పైసిరాతో పాటు అదీ పోతుంది, కాగితం పెళుసవుతుంది.

ఇది సెన్సార్ పని. యుద్ధకాలంలో సిపాయి ఉత్తరాన్ని అంటించకుండా యూనిట్లో ఇవ్వాల్సి ఉండేది. ఆఫీసరు చదివి, కూడని మాటలు కొట్టేసి, కవరు మీద సంతకం పెట్టేవాడు, సెన్సార్ ముద్ర పడేది. అంచు చించి చీటీతో మళ్లీ అంటించారంటే, దారిలో ఇంకోచోట తెరిచారన్నమాట. తెలుగు ఉత్తరాలకు ఇక్కడే చిక్కు. ఆఫీసరుకు తెలుగు రాకపోతే, ఆ భాష చదివేవాళ్లున్న సెన్సార్ ఆఫీసుకు పోవాల్సి వచ్చేది. అందుకే ఆలస్యం. కోసిన చోట కాగితం వెనకవైపు మాటలూ పోతాయి కాబట్టి, ఏ వైపు మాట కోసం కోశారో రెండువైపులా చదివి చూడండి.

కెమెరా పని: కింద రాసింది పెన్సిలా, సిరానా? దాన్నిబట్టే ఉంటుంది.

కపిలతీర్థం రోడ్డు, తిరుపతి: పెన్సిలే.

కెమెరా పని: అయితే ఆశ ఉంది. ఇన్‌ఫ్రారెడ్‌లో (కంటికి కనబడని ఎరుపు అవతలి వెలుగులో) మామూలు రంగుసిరా దాదాపు కనబడకుండా పోతుంది, పెన్సిల్లోని గ్రాఫైట్ నల్లగానే నిలుస్తుంది. లోపలి ఇన్‌ఫ్రారెడ్ అడ్డుఫిల్టర్ తీసేసిన కెమెరా, ముందు 850 నానోమీటర్ల ఫిల్టర్, మామూలు పాత ఫిలమెంట్ బల్బు చాలు. పూసింది మసితో చేసిన నల్లసిరా అయ్యుంటే మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. అప్పుడు గది చీకటి చేసి, టార్చిని కాగితానికి దాదాపు సమాంతరంగా పట్టి, నొక్కి రాసిన గాట్లు వెతకాలి. తడి అస్సలు తగలనివ్వొద్దు. కాపీయింగ్ పెన్సిలైతే (తడి తగిలితే సిరాలా మారే రంగు కలిపిన పెన్సిల్) ఊదారంగు పాకి అంతా పాడవుతుంది.

పాత తపాలా, చిత్తూరు: నంబరు చూసి ఊరు తేల్చేయకండి. ఫీల్డ్ పోస్టాఫీసు సైన్యంతోపాటు కదిలేది. నంబరు, ముద్రలోని తేదీ రెండూ కలిపి చూస్తేనే చోటు తెలుస్తుంది.

రికార్డుల గది: కొట్టేసేవి ఊళ్లు, ఓడలు, పటాలాల కదలిక, ప్రాణనష్టం మాత్రమే అనుకోవద్దు. సిపాయిల మనసు ఎలా ఉందో తెలుసుకోవడం కూడా అప్పట్లో సెన్సార్ పనే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులోని మన సిపాయిల ఉత్తరాలను సెన్సార్ అధికారి కెప్టెన్ హావెల్ ఆఫీసు చదివి, కొన్ని భాగాలను ఇంగ్లీషులోకి మార్చి నివేదికలు పంపేది. అవి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. నల్లమిరియాలంటే మనవాళ్లు, ఎర్రమిరపకాయలంటే తెల్లవాళ్లు అని సిపాయిలు మరుగుమాటల్లో రాసినా అక్కడ పట్టేశారు. రెండో ప్రపంచ యుద్ధంలోనూ ఇలాంటి నివేదికలు ఉండేవి, 1943లో ఇంటి దగ్గర తిండి కరువు గురించిన బెంగ కూడా వాటిలోకి ఎక్కింది. పత్రికల మీదా అప్పుడు డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్ (యుద్ధకాలపు ఆంక్షల నిబంధనలు) ఉండేవి. అయినా ఆ ఏడు ఆగస్టు 22న కలకత్తా స్టేట్స్‌మన్ పత్రిక బెంగాల్ కరువు ఫొటోలు అచ్చేసింది. అందుకే ఆ మూడు లైన్లూ యుద్ధరహస్యమేనని ముందే అనుకోకండి. వాటికి ముందూ వెనకా ఉన్న వాక్యాల్లో బియ్యం, ధరలు, సెలవు, జీతం లాంటి మాటలున్నాయేమో చూసి, వాటిని కూడా ఇక్కడ పెట్టండి.