స్టీరేజ్‌ని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: అట్లాంటిక్ దాటే పాతకాలపు పెద్ద ఓడల మీద ఒక వ్యాసం అనువదిస్తున్నాను. ఫస్ట్ క్లాస్, సెకండ్ క్లాస్‌తో ఇబ్బంది లేదు, అన్నిటికన్నా చవక టికెట్టు వాళ్లుండే స్టీరేజ్ దగ్గర ఆగిపోయాను. మూడో తరగతి అని రాసేయొచ్చా? ‘అడుగు తరగతి’ అందామంటే తిట్టినట్టుంది.

జవాబు: అన్నిచోట్లా మూడో తరగతి అని మాత్రం రాయకండి, దయచేసి. ముందు ఓడ ఏ కాలానిదో చూడాలి. తెరచాప ఓడల్లో చుక్కాని తిప్పే సరంజామా ఉండే వెనక భాగంలో, డెక్కు కింది చోటుకి ఆ పేరు వచ్చింది. ఆవిరి ఓడలొచ్చి ఆ చోటు మారిపోయినా పేరు మిగిలిపోయింది. వలస జనాన్ని ఒకే పెద్ద కొట్టులో అంచెలంచెల చెక్కమంచాల మీద సర్దేసి, పరుపూ గిన్నే చెంచా వాళ్లనే తెచ్చుకోమన్న రోజులకి స్టీరేజ్ అనే ఉంచండి, మొదటిసారి వచ్చినచోట ఒక వాక్యంలో వివరిస్తే చాలు. 1912లో టైటానిక్‌లో అయితే అది థర్డ్ క్లాస్: గదులున్నాయి, భోజనశాలలో వడ్డించే మనుషులున్నారు, అయితే అంతమందికీ స్నానపు తొట్లు రెండే. అక్కడ మూడో తరగతి అనొచ్చు. 1921, 1924 చట్టాలతో అమెరికా వలసల్ని బాగా తగ్గించేశాక కంపెనీలు అవే గదులకి మెరుగులు దిద్ది టూరిస్ట్ థర్డ్ క్యాబిన్ అని పేరు మార్చి విద్యార్థులకీ టీచర్లకీ అమ్ముకున్నాయి, దాన్ని స్టీరేజ్ అంటే తప్పే.

ఇంకో సంగతి. న్యూయార్క్ చేరాక పై రెండు తరగతుల వాళ్లకి తనిఖీ ఓడలోనే అయిపోయేది. స్టీరేజ్ వాళ్లని మాత్రం వేరే పడవలెక్కించి, వలసవాళ్లని తనిఖీ చేసే ఎల్లిస్ ఐలాండ్ దీవికి తీసుకెళ్లి డాక్టర్ల ముందు వరసగా నిలబెట్టేవారు. కొత్త దేశం గుమ్మంలో మనిషిని ఎలా చూస్తారో కూడా ఆ టికెట్టే తేల్చేసేది కాబట్టి, ఆ మాటని చదును చేసేస్తే నాకు బాధగానే ఉంటుంది.

మరొకరు: కాకినాడ నుంచి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లే స్టీమర్లలో మనవాళ్లు డెక్కు ప్యాసింజర్లుగా వెళ్లేవారు కదండీ. ఆ మాట వాడితే?

జవాబు: మాట మంచిదేనండీ, మనవాళ్ల నోట నలిగినది కూడా. కానీ డెక్కు ప్యాసింజరు అనగానే డెక్కు మీదే చాప పరుచుకున్న మనిషి కనిపిస్తాడు, స్టీరేజ్ వాళ్లేమో డెక్కు కింద, గాలాడని చోట. చదివేవాళ్లకి బొమ్మ తలకిందులైపోతుంది.

ప్రశ్న: అర్థమైందండీ. ఇంకో అనుమానం. టైటానిక్ థర్డ్ క్లాస్ మెనూలో డిన్నర్, టీ, సప్పర్ మూడూ ఉన్నాయి. రాత్రి రెండుసార్లు తినేవారా?

జవాబు: లేదండీ, అక్కడ డిన్నర్ అంటే మధ్యాహ్న భోజనం. ఏప్రిల్ 14 మెనూ చూడండి, డిన్నర్‌లో రైస్ సూప్, రోస్ట్ బీఫ్, ఉడికించిన బంగాళాదుంపలు, ప్లమ్ పుడ్డింగ్, పళ్లు ఉన్నాయి, సాయంత్రం టీతో పాటు చల్లారిన మాంసం, బ్రెడ్డు, పచ్చళ్లు, ఇక సప్పర్‌కి గ్రూయెల్, బిస్కెట్లు, చీజ్. అదే ఓడలో, అదే రోజు, ఫస్ట్ క్లాస్ డిన్నర్ మాత్రం రాత్రిది, వాళ్ల మధ్యాహ్న భోజనం పేరు లంచ్. కాబట్టి ఏ తరగతి మెనూనో చూసి ‘మధ్యాహ్న భోజనం’, ‘రాత్రి భోజనం’ అని విడగొట్టి రాయండి. గ్రూయెల్‌ని జావ అనండి, గంజి అంటే మనకి అన్నం వార్చినదే గుర్తొస్తుంది.